ఎడమ పాదంలో గీత

"ఈ పాదం ఇంతకుముందు ఎప్పుడు విరిగింది?" అని అడిగింది డాక్టర్ నియోలె, తెర మీంచి చూపు తిప్పకుండానే.

విరగలేదని చెప్పాడు వైదోతస్. పన్నెండేళ్లుగా బాస్కెట్‌బాల్ ఆడి బతుకుతున్న మనిషి. ఒంటి మీద ఏ దెబ్బ ఏ ఊళ్లో తగిలిందో తడుముకోకుండా చెప్పగలడు. కుడి మోకాలు పోలండ్‌లో. ముక్కు రెండుసార్లు, రెండోసారి సొంత జట్టువాడి మోచెయ్యి తగిలే. ఎడమచేతి చిటికెనవేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఎడమ పాదానికి మాత్రం ఉత్త నరం వాపు. మూడేళ్లుగా వస్తూ పోతూ ఉంది. ముప్ఫై మూడేళ్లొచ్చాయి, ఆ మాత్రం ఉండదా అని తనే నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. తెరను అతని వైపు తిప్పి, పాదం వంపు పైన చిన్న పడవలా ఉన్న ఎముక మీద పెన్ను మొన ఆనించింది. దాని నడుమ నిలువునా ఒక నల్లటి గీత ఉంది.

"ఇది నిన్నమొన్నటిది కాదండీ. అంచులు అరిగి గుండ్రబడ్డాయి, చూడండి. అయినా మీరు ఇక్కడికి కొత్త కాదే. మీ పాత ఫొటో కూడా మా దగ్గరే ఉంది."

ఆవిడ రెండు మూడు మీటలు నొక్కింది. మూడేళ్ల కిందటి ఏప్రిల్. అదే పాదం, అదే పడవ, అదే గీత. అప్పుడు వెంట్రుకవాసి. కింద నాలుగు వరుసల రిపోర్టు. ఎముక చీలింది, ఎనిమిది వారాల పాటు పాదం నేల మీద మోపరాదు, నివేదికను ఆటగాడి జట్టుకు పంపడమైనది.

వైదోతస్ ఆ నాలుగు వరుసలూ చదివాడు. మళ్లీ చదివాడు. 'మోపరాదు' అన్న మాట దగ్గరికి రాగానే చూపు వెనక్కి జారి మళ్లీ తేదీ మీద పడుతోంది. అప్పుడు తనను ఇక్కడికి తెచ్చింది జట్టు మర్దనకారుడు జెనోనస్. ఫొటో తీయించుకుని ఇంటికెళ్లారు. వారం తర్వాత జట్టువాళ్లు నరం వాపని చెప్పారు. ఇవాళ జట్టువాళ్లకు చెప్పకుండా వచ్చాడంటే భార్య యుర్గా పట్టుబట్టింది గనక. ఆవిడ పట్టుబట్టకపోయి ఉంటే ఈ నాలుగు వరుసలూ ఈ పెట్టెలోనే ఉండిపోయేవి.

డాక్టరమ్మ ఏదో చెబుతోంది. ఆపరేషన్ అంటోంది, మరలు బిగించాలంటోంది, మళ్లీ ఆడే సంగతి ఇప్పుడు వద్దు, సోమవారం తీరిగ్గా మాట్లాడదాం అంటోంది. మాటలు వినిపిస్తున్నాయి గాని చెవి దగ్గరే ఆగిపోతున్నాయి.

"అంటే నేను ముసలివాణ్ణి కాలేదన్నమాట" అన్నాడతను.

వేళాకోళం అనుకుని ఆవిడ చిన్నగా నవ్వింది. "ముప్ఫై మూడుకి ముసలితనమేమిటండీ."

ఆసుపత్రి ఉన్న కౌనస్ నుంచి తను ఉండే శిల్వేనైకి యాభై నిమిషాల దారి. ఆ దారంతా కారు ఎలా నడిపాడో అతనికి తెలియదు. ఇంటి ముందు ఇంజన్ ఆపి కూర్చున్నాక, లైలాక్ పొద గాలికి అద్దాన్ని రాసుకుంటుంటే అప్పుడు తెలిసింది, వచ్చేశానని. మూడేళ్లు. బంతిని మైదానం ఆ చివర్నుంచి ఈ చివరకు తెచ్చి నలుగురికీ పంచేవాడు గార్డు. వాడికి మొదటి అడుగే ప్రాణం. గార్డుగా తనకు ఆ మొదటి అడుగు మూడేళ్ల కిందట పోయింది. దేశం జట్టు పిలుపులో పేరు లేకపోతే, కాళ్లలో చురుకు తగ్గిందని కబురొచ్చింది. కోచ్ రిమ్‌గౌదస్ అందరి ముందూ "కెప్టెన్‌గారికి పరుపు మెత్తనైంది" అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. ఆ మర్నాటి నుంచి తెల్లవారుజామున లేచి నేమునస్ నది ఒడ్డున ఆరు కిలోమీటర్లు పరుగెత్తడం మొదలుపెట్టాడు. బద్ధకం వదలాలని. చీలిన ఎముక మీద. రెండు చలికాలాలు.

వంటింట్లో యుర్గా చల్లటి చారుకి బీట్‌రూట్లు తరుగుతోంది. జనవరిలో పుట్టిన పాప ముందు గదిలో నిద్రపోతోంది. వైదోతస్ గుమ్మంలోనే నిలబడి, డాక్టరు ఇచ్చిన కాగితం చూస్తూ, రేడియోలో వార్తలు చదివినట్టు మొత్తం చెప్పాడు. యుర్గా కత్తి కింద పెట్టింది. ఎర్రగా కారుతున్న చేతుల్ని ఒంటికి తగలకుండా ముందుకు చాపుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే నిలబడిపోయింది.

"నేను కూడా అన్నానుగా" అంది చివరికి. "పోయిన శరదృతువులో, అడవిలో పుట్టగొడుగులు ఏరడానికి వెళ్దామంటే నువ్వు కారులోనే కూర్చున్నావు. ఈయనకి అప్పుడే తాతగారి కాళ్లొచ్చాయని మా అక్కతో చెప్పి నవ్వాను."

దానికేం లేదన్నాడతను. అంటూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెళ్లి రిమ్‌గౌదస్ గొంతు పట్టుకోమంది యుర్గా. ఆ రోజు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది జెనోనస్ బాబాయ్ అన్నాడు వైదోతస్. ఆ పేరు వినగానే యుర్గా చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది. వాళ్ల పెళ్లిలో తండ్రి స్థానంలో నిలబడి, ఆచారం ప్రకారం కొత్త జంటకు ఉప్పూ రొట్టే అందించింది ఆ ముసలాయనే.

మర్నాడు శుక్రవారం. అభ్యాసానికి గంట ముందే వైదోతస్ హాలుకి వెళ్లాడు. జెనోనస్ గది ఎప్పటిలాగే ఉంది. కర్పూరం వాసన, కిటికీ గట్టు మీద పెరుగు డబ్బాల్లో టమాటా నారు, తోటపని గురించి ఎవరో మాట్లాడుతున్న రేడియో. అరవై ఏడేళ్ల జెనోనస్ అరచేతులు పలకల్లా వెడల్పుగా ఉంటాయి. "రారా" అన్నాడు. బల్ల మీద తట్టాడు.

వైదోతస్ అలవాటుగానే బల్లెక్కి ఎడమ పాదం ముందుకు చాపాడు. జెనోనస్ చీలమండకు పల్చటి నురుగుగుడ్డ చుట్టి, పట్టీ కొస గోటితో లేపి, సర్రుమని లాగి, మడమ కిందుగా తెచ్చి వంపు మీద అడ్డంగా వేశాడు. బొటనవేలితో నొక్కాడు. రెండోది, మూడోది. ఒక్క ముడత లేదు. తొమ్మిదేళ్లుగా రోజూ ఇదే. వైదోతస్ జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

జెనోనస్ దాన్ని చూశాడు. కళ్లద్దాలు పెట్టుకోలేదు. చదవనూ లేదు. నాలుగో పట్టీ సగంలో అతని చెయ్యి ఆగింది.

"నీకు తెలుసా బాబాయ్?"

"తెలుసు."

కాదంటాడని వైదోతస్ అనుకున్నాడు. కాదంటే ఏమనాలో, ఎలా నిలదీయాలో అన్నీ కూడగట్టుకుని వచ్చాడు. ఆ ఒక్క మాటతో అవన్నీ చేతిలోంచి జారిపోయాయి.

జెనోనస్ స్టూలు మీద కూర్చుని రేడియో కట్టేశాడు. "ఆ రోజు తిరిగొస్తూ కారులో ఏమన్నావో గుర్తుందిరా? సెమీఫైనల్ ఇంకా నాలుగు రోజులు. పెట్రోలు బంకు దగ్గర కాఫీ తాగాం. ఫొటోలో ఏమున్నా నాకు చెప్పొద్దు బాబాయ్, గట్టిగా కట్టు, చాలు, అన్నావు."

అలా అనలేదని చెప్పబోయాడు వైదోతస్. అంతలోనే గుర్తొచ్చింది. కాఫీ మాడిన వాసన, అద్దం మీద వాన చుక్కలు, స్టీరింగు మీద బాబాయ్ చెయ్యి, తన గొంతు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలిచాయి. అన్నాడు. అచ్చం అవే మాటలు. మూడేళ్లలో ఒక్కనాడు కూడా గుర్తు రాలేదు.

"అది నువ్వన్నది" అన్నాడు జెనోనస్. "ఆ తర్వాతదంతా నేను చేసింది. ఆటలైపోయాయి, జూన్ వచ్చింది. అప్పుడు చెప్పాలి. ఎముక దానంతట అదే అతుక్కుంటుంది, ఎందుకు బెదరగొట్టడం అన్నాడు రిమ్‌గౌదస్. సరేనన్నాను. జూలైలో చెబుదామనుకున్నాను. నువ్వు సముద్రం దగ్గర్నుంచి నల్లబడి నవ్వుకుంటూ వచ్చావు. ఆగస్టు అనుకున్నాను. ఆలస్యం అయినకొద్దీ నోరు పెగల్లేదు. రోజూ నీ పాదం నా చేతుల్లోనే ఉండేది. ఎక్కడ నొక్కకూడదో నాకు తెలుసు. అక్కడ నొక్కేవాణ్ణి కాదు."

వైదోతస్‌కి కొట్టేంత కోపం రావాలి, రావడం లేదు. సగం కట్టిన పాదం వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని అర్మినస్ వచ్చాడు. ఇరవై మూడేళ్లవాడు, జట్టులో రెండో గార్డు. నిజానికి ఈ ఏడాది మొదటివాడు వాడే. ఎవరి మొహాలూ చూడకుండా పక్క బల్ల ఎక్కేసి, "బాబాయ్, ఎడమది కొంచెం గట్టిగా బిగించు" అన్నాడు. వైదోతస్ తల తిప్పి వాడి ఎడమ పాదం చూశాడు. పైకి ఏమీ లేదు. కాని వాడు బల్లెక్కేటప్పుడు కుడికాలి మీదే బరువంతా వేశాడు.

ఆ రోజు వైదోతస్ మడమ లాగుతోందని చెప్పి పక్కన కూర్చుని అభ్యాసం చూశాడు. అర్మినస్ ఎగిరి దిగేటప్పుడు ఎడమ పాదం బయటి అంచు మీద దిగుతున్నాడు. నీళ్లు తాగేటప్పుడు కొంగలా ఒంటికాలి మీద నిలబడుతున్నాడు. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగుతున్నాడు. ఇవన్నీ వైదోతస్‌కి బాగా తెలిసిన పనులు. వేరొకడి ఒంట్లో తన మూడేళ్లు నడిచిపోతుంటే చూస్తున్నట్టుంది. అందరూ వెళ్లాక మళ్లీ జెనోనస్ గదికి వెళ్లాడు.

"వాడికి కూడానా?"

జెనోనస్ టమాటా నారుకి నీళ్లు పోస్తున్నాడు. డబ్బా నిండి నీళ్లు గట్టు మీదకు పొర్లినా పోస్తూనే ఉన్నాడు. "మార్చిలో ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది" అన్నాడు.

శనివారం పొద్దున్న వైదోతస్ కోచ్ గదికి వెళ్తే, రిమ్‌గౌదస్ తలుపు వేసి, తనే కాఫీ కలిపి ఇచ్చాడు. అతనూ ఒకప్పుడు గార్డే. చేతికి అందిన మనిషినల్లా భుజం తట్టి మాట్లాడే రకం. వైదోతస్ కాగితం బల్ల మీద పెడితే పక్కకు నెట్టలేదు, పూర్తిగా చదివి మడతపెట్టి ఇచ్చాడు. తప్పు జరిగిందన్నాడు. తన మీద వేసుకుంటానన్నాడు. ఆపరేషన్ సంగతి జట్టు చూసుకుంటుంది, వచ్చే సీజన్ నుంచి తన పక్కన సహాయ కోచ్‌గా కూర్చో, ఆ మాట ఇవాళే కాగితం మీద పెడదాం అన్నాడు. వైదోతస్ తెల్లబోయి విన్నాడు. బుకాయిస్తాడనీ అరుస్తాడనీ అనుకుంటే, ఈ మంచితనం ఎక్కడ్నుంచి వచ్చిందో అర్థం కాలేదు.

"మరి అర్మినస్?" అన్నాడు.

రిమ్‌గౌదస్ చెంచాతో కాఫీని చాలాసేపు కలిపాడు. "రేపు మూడో స్థానం ఆట. ఈ ఊరు పతకం మొహం చూసి ఇరవై రెండేళ్లయింది. స్పెయిన్ జట్టు నుంచి ఇద్దరు వాడి ఆట చూడ్డానికి వస్తున్నారు. ఒక్క ఆట వైదోతస్. నలభై నిమిషాలు. సోమవారం పొద్దున్న నేనే కూర్చోబెట్టి చెబుతాను. కెప్టెన్‌వి, నీకు నేను చెప్పాలా?"

వైదోతస్ మడిచిన కాగితం జేబులో పెట్టుకున్నాడు. లేచి బయటికొచ్చి, వీధి చివరిదాకా నడిచాక చూసుకుంటే రిమ్‌గౌదస్ కాఫీ కప్పు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఏం చేయాలో తోచక ఒక ప్రహరీ గోడ మీద పెట్టి ఇంటికి పోయాడు. యుర్గా మొత్తం విని, పాపను భుజం మార్చుకుని, ఒకటే అడిగింది: అప్పుడు నీకు ఎవరైనా చెప్పి ఉంటే వినేవాడివా? వినేవాణ్ణి కాదన్నాడు వైదోతస్. ఆ జవాబు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని అతనికే భయమేసింది.

ఆదివారం ఆటకు రెండు గంటల ముందే హాలు చుట్టూ జట్టు రంగు ఆకుపచ్చ తువ్వాళ్లు కప్పుకున్న జనం. పల్లెల నుంచి కార్లు, ట్రాక్టర్లు కూడా వచ్చాయి. అర్మినస్ తండ్రి, ఆవులు పెంచుకునే మనిషి, ఇరవై మంది చుట్టాల్ని వెంటేసుకుని, వేయించిన రొట్టెముక్కల సంచీ చంకలో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. వైదోతస్‌ని చూసి రెండు చేతులూ ఊపాడు. వైదోతస్ తిరిగి చెయ్యి ఎత్తాడు గాని అది భుజం దాటి పైకి లేవలేదు.

నీళ్ల గొట్టాలు పోయే వెనక నడవలో అర్మినస్ ఒక్కడే గోడకేసి బంతి కొట్టుకుంటున్నాడు. ఆట ముందు వాడి అలవాటు అది. మామూలు బట్టల్లో వచ్చిన కెప్టెన్‌ని చూసి బంతి ఆపాడు. నీ పాదం గురించి ఒకటి చెప్పాలన్నాడు వైదోతస్.

అర్మినస్ మొహంలో ఏదో చటుక్కున మూసుకుంది. "రేపు చెప్పు కెప్టెన్" అన్నాడు. "ఏమున్నా సరే, ఇవాళ నాకు చెప్పొద్దు."

పెట్రోలు బంకు దగ్గర కారులో కూర్చున్న తనే ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది వైదోతస్‌కి. సరే అనేస్తే చాలు. ఆ కుర్రాడు అడిగిందే అది. జెనోనస్ బాబాయ్ మీద మూడు రోజులుగా అతను వెతుక్కుంటున్న కోపం ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియలేదు. నోరు మూసుకోవడం ఎంత సులువో, ఎంత ప్రేమగా కూడా ఉంటుందో అర్థమైంది.

"నీ ఎడమ పాదంలో ఎముక చీలింది" అన్నాడు. "మార్చిలోనే తెలిసింది వాళ్లకు. నీకు చెప్పలేదు. నాకూ అదే ఎముక. మూడేళ్లు."

అర్మినస్ చేతిలోంచి బంతి జారి గోడ మూలకు దొర్లింది. వాడు రెండడుగులు ముందుకేసి వైదోతస్‌ని చొక్కా పట్టుకుని గొట్టానికి అదిమాడు. "నీ ఆట అయిపోయిందని నాదీ ఆపుతావా? మా నాన్న బయట కూర్చున్నాడు. రేపు చెప్పమన్నానా లేదా?" వైదోతస్ చేతులెత్తలేదు. వాడే వదిలేసి విసవిసా జెనోనస్ గదిలోకి పోయాడు. వెనకే వైదోతస్ వెళ్లేసరికి బల్లెక్కి పాదం చాపి కూర్చున్నాడు.

"కట్టు బాబాయ్. గట్టిగా."

జెనోనస్ పట్టీ చుట్ట తీసుకున్నాడు. గోటితో కొస లేపి జానెడు లాగాడు. సర్రుమన్న చప్పుడు గదిలో నిలిచిపోయింది. అప్పటికి రిమ్‌గౌదస్ కూడా గుమ్మంలోకి వచ్చాడు. ముసలాయన ఆ జానెడునూ మెల్లగా మళ్లీ చుట్టకు అంటించి, బొటనవేలితో నొక్కి, చుట్టను కోటు జేబులో వేసుకున్నాడు.

"కెప్టెన్ చెప్పింది నిజమేరా" అన్నాడు. "ఈ పాదానికి ఇవాళ నేను కట్టను."

"జెనోనస్" అన్నాడు రిమ్‌గౌదస్ గుమ్మంలోంచి.

"నలభై ఏళ్లు కట్టాను. చాలు. నా గది తాళం సాయంత్రం తీసుకో."

అర్మినస్ ఒక్కొక్కరి మొహం వంకా చూశాడు, ఎవరైనా నవ్వేసి ఇదంతా ఉత్తిదే అంటారేమోనన్నట్టు. ఎవరూ నవ్వలేదు. వాడు బూటు తనే తొడుక్కుని, తాళ్లు బిగించి, లేచి నిలబడి, ఎడమకాలి మీద ఒక్క గంతు వేశాడు. అంతే. ఆ గంతు రోజూ వేసేదే. కట్టు లేకుండా వేసింది ఇవాళే. మొహం పాలిపోయింది. బల్ల కోడుకి ఆనుకుని నేల మీదకు జారి, బూటుతో సహా పాదాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఇద్దరు గార్డులూ లేకుండా ఆడిన జట్టు పదకొండు పాయింట్ల తేడాతో ఓడింది. వైదోతస్ బెంచీ చివర చొక్కా, పాంటుతో కూర్చున్నాడు. ఏం జరిగిందో సగం సగం హాలంతా పాకింది. మూడో భాగానికల్లా ఈలలు మొదలయ్యాయి. వెనక వరస నుంచి ఎవరో, పోయేవాడివి ఒక్కడివే పోలేకపోయావా అని అరిచారు. ఆ గొంతు అతనికి తెలుసు. వాళ్ల వీధిలో రొట్టెలమ్మే ఆయన. వైదోతస్ తల తిప్పలేదు. ఆట అయ్యాక రిమ్‌గౌదస్ అతని పక్క నుంచే వెళ్లాడు. భుజం తట్టలేదు.

సోమవారం కౌనస్ ఆసుపత్రిలో వైదోతస్ తన వంతు కోసం నడవలో కూర్చున్నాడు. పక్కనున్న ఆడమనిషి చేతి కట్టు సర్దుకుంటూ, మీరు ఆటగాడు కదూ అనడిగింది. అవునన్నాడు. నిన్న ఓడారటగా అంది. అవునన్నాడు. లిఫ్టు తలుపు తెరుచుకుని అర్మినస్ వచ్చాడు. తండ్రివో ఎవరివో పాత చంక కర్రలు వాడి ఎత్తుకు చాలక, వంగి వంగి నడుస్తున్నాడు. వైదోతస్‌ని చూసి ఆగాడు. కాసేపు గోడ మీద కాగితాలు చదివాడు. తర్వాత వచ్చి ఒక కుర్చీ విడిచి కూర్చున్నాడు.

"నాన్న కింద కారులో ఉన్నాడు" అన్నాడు. "పైకి రానన్నాడు. నీ మొహం చూడడట."

"నువ్వు?"

"నేనింకా తేల్చుకోలేదు."

నర్సు అర్మినస్ పేరు పిలిచింది. వాడు లేచి, కర్రలు సర్దుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నువ్వూ రా కెప్టెన్. డాక్టరమ్మ చెప్పింది నేనెళ్లి చెబితే నాన్న నమ్మడు. కోపమున్నా నీ మాటైతే నమ్ముతాడు. నువ్వు విని, నువ్వే చెప్పు."

డాక్టర్ నియోలె తెర వంక చాలాసేపు చూసింది. అర్మినస్ కర్రల్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ఇంకా ఆలస్యం కాలేదంది ఆవిడ. ఎనిమిది వారాలు నేల మీద మోపకపోతే దానంతట అదే అతుక్కోవచ్చు, చలికాలానికి మళ్లీ ఆడవచ్చు. కాని నిన్న ఆడి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కానంది.

అర్మినస్ బిగబట్టిన ఊపిరి వదిలాడు. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. ఎనిమిది వారాలంటే ఏ నెలకో వేళ్ల మీద లెక్కపెట్టాడు, జూలై అన్నాడు, ఒక్కసారి నవ్వాడు కూడా. ఆ నవ్వు మీదే వైదోతస్ వైపు తిరిగి, మళ్లీ డాక్టరు వైపు చూశాడు.

"మరి మా కెప్టెన్ ఎప్పటినుంచి ఆడొచ్చండీ?"

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, వైదోతస్ వంక చూసింది.

"నేనిక ఆడను" అన్నాడు వైదోతస్.

ఆ మాట అతను యుర్గాతో ఇంకా అనలేదు. తనలో తను కూడా అనుకోలేదు. గదిలో వినిపించాక, ఎవరో పక్కవాడు అన్నట్టుగా అటు తిరిగి చూశాడు. అర్మినస్ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. వాడు కర్రల్ని నేల మీద పెట్టి, తన కుర్చీని వైదోతస్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.